ఓడ మీద సెమిస్టర్: పంపించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా. వచ్చే ఏడాది ఒక సెమిస్టర్ 'సెమిస్టర్ ఎట్ సీ' అనే ప్రోగ్రాంలో చేరి, ఓడలో పది దేశాల దాకా తిరుగుతూ చదువుకుంటానని పట్టుబడుతోంది. మేం ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని పంపించాం. అది చదువో విహారమో మాకు అర్థం కావడం లేదు. డిగ్రీ ఆలస్యమవుతుందా? ఉద్యోగానికి పనికొస్తుందా? ఆడపిల్ల, అన్ని నెలలు సముద్రం మీద అంటే భయంగా ఉంది. ఆ ఓడ కొచ్చిలో ఆగే అవకాశం ఉందట, అప్పుడు మేం వెళ్లి చూడొచ్చా? – ఒక తల్లి

జవాబు: చదువే. విహారం కూడా ఉంది, లేదని మీకు సర్దిచెప్పను. అయితే ఈ సెమిస్టర్ మీ అమ్మాయికి లాభమా నష్టమా అన్నది ఓడ ఎక్కకముందే తేలిపోతుంది. క్రెడిట్లు ఎన్ని డిగ్రీలో కలుస్తాయి, వీసాలు ఎలా వస్తాయి, ఏ సెమిస్టర్‌లో వెళ్తోంది అన్నవే అసలు ప్రశ్నలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జనవరిలో బయల్దేరే వాయేజ్ (ఓడ ప్రయాణం) అయితే పంపించండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో బయల్దేరేదైతే వద్దనండి.

ఓడ మీద కాలేజీ అన్నది కొత్త ఆలోచనేం కాదు. 1926లో 'రిండామ్' అనే ఓడ సుమారు 500 మంది విద్యార్థులతో న్యూయార్క్ ప్రాంతం నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 1927 మేలో తిరిగొచ్చింది. ఇప్పుడు మీరు అడుగుతున్న ప్రోగ్రాం మూలాలు 1963లో ఉన్నాయి. అప్పట్లో దాని పేరు 'యూనివర్సిటీ ఆఫ్ ది సెవెన్ సీస్'. హాంకాంగ్ నౌకా వ్యాపారి సి.వై. టంగ్ దీని కోసమే 'క్వీన్ ఎలిజబెత్' అనే మహానౌకను 1970లో కొన్నారు. పాపం, మరమ్మతులు పూర్తి కాకముందే 1972 జనవరిలో అది హాంకాంగ్ రేవులో కాలిపోయింది. ఇప్పుడు వాడుతున్న 'వరల్డ్ ఒడిస్సీ' 1998లో జర్మనీలో తయారైన ఓడ.

ఈ చరిత్రలో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఓడ దానంతటదే యూనివర్సిటీ కాదు. నడిపే సంస్థ వేరు, మార్కుల పత్రం ఇచ్చే యూనివర్సిటీ వేరు. పిట్స్‌బర్గ్, వర్జీనియా యూనివర్సిటీలు దశాబ్దాల పాటు ఆ పని చేశాయి. 2016లో అది కొలరాడో స్టేట్ యూనివర్సిటీ చేతికి వచ్చింది. కాబట్టి మీ అమ్మాయి వెళ్లే వాయేజ్‌కు ట్రాన్‌స్క్రిప్ట్, అంటే ఆ మార్కుల పత్రం, ఏ యూనివర్సిటీ పేరు మీద వస్తుందో ముందు అడగమనండి. తన యూనివర్సిటీ చూసేది ఆ పేరునే.

ఓడలో రోజులు ఎలా గడుస్తాయో చెప్తే మీ మొదటి సందేహం చాలావరకు తీరుతుంది. రేవులో ఉన్న నాలుగైదు రోజులు మామూలు క్లాసులుండవు. ఓడ కదిలాక సముద్రం మీద గడిచే దాదాపు ప్రతి రోజూ క్లాసులే. అక్కడ శని, ఆదివారాలన్న లెక్క లేదు. ఏ-డే, బీ-డే అని రెండు రకాల రోజులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇవాళ సగం సబ్జెక్టులు, రేపు మిగతా సగం. పసిఫిక్ లాంటి పెద్ద మహాసముద్రం దాటేటప్పుడు రోజుల తరబడి వరుసగా ఇదే. పరీక్షలు, పేపర్లు, ప్రజెంటేషన్లు అన్నీ ఆ రోజుల్లోనే పడతాయి. దాంతో రేవు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు అలసిపోయి ఉంటారు, దిగగానే నాలుగు రోజులు ఊపిరాడకుండా తిరుగుతారు, మళ్లీ ఓడెక్కిన మర్నాడే క్లాసు. ఫొటోల్లో కనిపించేది ఆ నాలుగు రోజులే.

రేవులో కూడా పూర్తి సెలవని కాదు. ప్రతి కోర్సుకూ ఏదో ఒక దేశంలో ఒక ఫీల్డ్ క్లాస్ ఉంటుంది. ప్రొఫెసర్ ఆ రోజంతా విద్యార్థులను సబ్జెక్టుకు సంబంధించిన చోటికి తీసుకెళ్తారు. హాజరు తప్పనిసరి, గ్రేడులో దానికి వాటా ఉంటుంది. స్నేహితులతో ఎక్కడికో టికెట్లు కొనేసుకుని, అదే రోజు ఫీల్డ్ క్లాస్ ఉందని తర్వాత తెలుసుకుని గోల పెట్టే పిల్లలుంటారు. ఆ తేదీలు మొదట్లోనే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి. ఓడకు ఆలస్యంగా వస్తే శిక్ష కూడా వింతగా ఉంటుంది: తర్వాతి రేవులో అందరూ దిగి వెళ్తుంటే, ఆలస్యమైన వాళ్లు కొన్ని గంటలు ఓడలోనే కూర్చోవాలి. మరీ ఆలస్యమైతే ఓడ ఆగదు. తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో విమానంలో చేరుకోవాల్సిందే, అదీ ఆ దేశానికి వీసా చేతిలో ఉంటే.

క్యాబిన్‌లో ఇద్దరు, కొన్నిటిలో ముగ్గురు. కిటికీ లేని లోపలి గది చవక. పగలో రాత్రో తెలియని గదిలో అన్ని వారాలు ఉండగలదో లేదో మీ అమ్మాయే చెప్పగలదు. ప్రొఫెసర్లు కొందరు కుటుంబాలతో సహా అదే ఓడలో ఉంటారు, అదే హాల్లో భోజనం చేస్తారు. నాకు ఈ ప్రోగ్రాంలో అన్నిటికన్నా విలువైనది ఇదే అనిపిస్తుంది. పెద్ద స్టేట్ యూనివర్సిటీలో వందల మంది ఉన్న క్లాసులో కూర్చున్న అమ్మాయికి, ఒక ప్రొఫెసర్‌తో వారాల తరబడి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం మామూలుగా దొరకదు. రేపు మాస్టర్స్‌కు రికమెండేషన్ లెటర్ అడిగినప్పుడు, తనను నిజంగా తెలిసిన మనిషి రాస్తారు.

ఇబ్బందులూ చెప్పాలి. మొదటి కొన్ని రోజులు కడుపులో తిప్పడం చాలామందికి ఉంటుంది. కళ్లకు గది కదలనట్టు కనిపిస్తుంది, లోచెవికి మాత్రం కదులుతున్నట్టు తెలుస్తుంది. ఆ తేడా వల్లే వికారం. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ కాబట్టి బుక్ చేసేటప్పుడే అలాంటి క్యాబిన్ అడగొచ్చు. మాత్రలుంటాయి గానీ కొన్నిటికి మత్తు వస్తుంది. ఓడ తూర్పుకు వెళ్తుంటే గడియారం పదే పదే గంట ముందుకు జరుగుతుంది, అంటే ఆ రాత్రి నిద్రలో గంట పోయినట్టే. పడమటికి వెళ్తే గంట కలిసొస్తుంది. పొద్దున ఎనిమిది గంటల క్లాసు ఉన్న వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇంటర్నెట్ పరిమితంగానే ఉంటుంది. మీరు రోజూ రాత్రి వీడియో కాల్‌కు అలవాటుపడి ఉంటే ఆ అలవాటు ఇప్పటినుంచే తగ్గించుకోండి. ఓడ సముద్రం మీద ఉన్నప్పుడు మెసేజ్, రేవులో ఉన్నప్పుడు కాల్ అని ముందే మాట్లాడుకుంటే రెండు వైపులా టెన్షన్ ఉండదు.

ఇక క్రెడిట్లు. ఓడలో ల్యాబులు పెట్టి ఇంజినీరింగ్ చెప్పడం కుదరదు. చరిత్ర, బిజినెస్, సమాజశాస్త్రం, పర్యావరణం, అంతర్జాతీయ వ్యవహారాలు, ఇలాంటివే ఎక్కువ. ఎకనామిక్స్ విద్యార్థికి ఇది అనుకూలమే, కానీ డిగ్రీకి తప్పనిసరైన ఎకనోమెట్రిక్స్ లాంటి కోర్సు అక్కడ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. తను ఇంకా పూర్తి చేయని జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు (ఏ డిగ్రీ వాళ్లైనా చదవాల్సినవి), ఎలెక్టివ్‌లు (ఇష్టంతో ఎంచుకునేవి) ఎన్ని ఉన్నాయో లెక్క వేయమనండి. అవి నాలుగైదు ఉంటే ఓడలో పూర్తవుతాయి, డిగ్రీ ఆలస్యం కాదు. అవన్నీ మొదటి ఏడే పూర్తి చేసేసి ఉంటే మాత్రం ఈ సెమిస్టర్ అదనపు భారమే. ఓడలో తీసుకునే ఒక్కో కోర్సు డిగ్రీలో దేనికింద లెక్కకొస్తుందో డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ చేత రాతపూర్వకంగా తీసుకోవాలి. "ట్రాన్స్‌ఫర్ అవుతుందిలే" అన్న నోటిమాట చాలదు.

వీసాల దగ్గర మన పిల్లల కష్టం అమెరికన్ క్లాస్‌మేట్లకు అర్థం కాదు. వాళ్లు పాస్‌పోర్ట్ చూపించి దిగే చాలా దేశాలకు మనకు ముందుగా వీసా కావాలి. యూరప్ రేవులుంటే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది), దారిని బట్టి జపాన్, దక్షిణాఫ్రికా, ఘనా వీసాలు. షెంగెన్‌కు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. ఓడ ఒక షెంగెన్ దేశం నుంచి బయటికి పోయి మళ్లీ ఇంకో షెంగెన్ దేశానికి వస్తుందంటే సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు. పాస్‌పోర్ట్ ఒక కాన్సులేట్‌లో ఉండగా ఇంకోదానికి ఇవ్వలేరు కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస ముఖ్యం. వేసవి సెలవులకు ఇంటికి రావాలనుకుంటే ఆ తేదీలు కూడా ఈ వరుసలోనే ఇమడాలి. ఘనా ఉంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పదు, చేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఇన్ని చిక్కుల్లో ఒక చిన్న సుఖం: మారిషస్‌లో మనకు ముందస్తు వీసా అక్కర్లేదు, ఇండియాలో ఓడ ఆగితే అమెరికన్ పిల్లలు వీసా కోసం దరఖాస్తు పెట్టుకుంటుంటే మీ అమ్మాయి చేతులూపుకుంటూ దిగుతుంది.

వీటన్నిటికన్నా ముందు ఎఫ్-1 సంగతి. విద్యార్థి అయిదు నెలలకు మించి అమెరికా బయట ఉంటే స్టేటస్‌కు చిక్కు వస్తుంది. వాయేజ్ సుమారు మూడున్నర నెలలే కాబట్టి ఆ హద్దు దాటదు, కానీ ముందూ వెనకా సెలవులు కలిపితే ఎన్ని నెలలవుతుందో లెక్క చూసుకోవాలి. ఆ సెమిస్టర్‌ను యూనివర్సిటీ తన ఆమోదం ఉన్న స్టడీ అబ్రాడ్‌గా, ఫుల్‌టైమ్ చదువుగా నమోదు చేస్తుందా లేదా అన్నది ఇంకా ముఖ్యం. సెలవు పెట్టి వెళ్లినట్టు నమోదైతే కథ వేరు. ఇది తేల్చాల్సింది డీఎస్‌ఓ, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద డీఎస్‌ఓ చేసే ట్రావెల్ సంతకం తిరిగొచ్చే రోజుకు ఏడాది లోపుదై ఉండాలి. ఎఫ్-1 వీసా గడువు వాయేజ్ మధ్యలో తీరిపోయేలా ఉంటే, దారిలో ఏదో దేశంలో స్టాంపింగ్ చేయించుకోవచ్చనే ఆలోచనే వద్దు.

ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ వద్దు, జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ మంచిది అని ఎందుకన్నానంటే, అమెరికాలో మూడో ఏడు తర్వాతి వేసవి ఇంటర్న్‌షిప్‌ను బట్టే చాలామందికి మొదటి ఉద్యోగం వస్తుంది. ఆ ఇంటర్న్‌షిప్‌ల కెరీర్ ఫెయిర్లు, ఇంటర్వ్యూలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో జరుగుతాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలైతే ఇంకా ముందే మొదలుపెడతాయి. సరిగ్గా ఆ వారాల్లో అట్లాంటిక్ మధ్యలో, వీడియో ఇంటర్వ్యూ నిలుస్తుందన్న నమ్మకం లేని ఇంటర్నెట్‌తో ఉండటం తెలివైన పని కాదు. ఫాల్‌లో క్యాంపస్‌లో ఉండి ఆఫర్ చేతిలో పెట్టుకుని, జనవరిలో ఓడెక్కితే ఏప్రిల్‌లో దిగి వేసవిలో ఇంటర్న్‌షిప్‌లో చేరొచ్చు. నాలుగో ఏడు ఆఖరి సెమిస్టర్ మాత్రం ససేమిరా వద్దు. ఓపీటీకి (చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతికి) దరఖాస్తు పెట్టేటప్పుడు విద్యార్థి అమెరికాలో ఉండాలి.

ఈ సెమిస్టర్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందా? లేదు. "పది దేశాలు తిరిగాను" అన్నది రెజ్యూమెలో నైపుణ్యం కాదు. దానికి బదులు బయల్దేరే ముందే ఒక ప్రశ్న ఎంచుకుని ప్రతి రేవులోనూ దాని వెంట పడమనండి. ఉదాహరణకు, పరాయి దేశాల్లో పనిచేసే వాళ్లు ఇంటికి డబ్బు ఎలా పంపుతున్నారు, ఎంత కమిషన్ పోతోంది? లేదా ఒక కంటైనర్ రేవులో దిగి లారీ ఎక్కేదాకా ఎన్ని చేతులు మారుతుంది? ఆరేడు దేశాల్లో ఒకే ప్రశ్న అడిగి, దాన్ని మంచి పేపర్‌గా రాసి, ఓడలోని ప్రొఫెసర్‌కు చూపిస్తే ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడటానికి సరుకు ఉంటుంది. ఇంకో మాట, బంధువుల్లో ఎవరైనా "మర్చంట్ నేవీలో చేరిందా?" అని అడగొచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ ప్రయాణం సీ టైమ్ (నావికులకు కావాల్సిన సముద్ర అనుభవం) కింద లెక్కకు రాదు.

డబ్బు విషయం చిన్నగా చూడకండి. ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది. రేవుల్లో తిరగడానికి, వీసాలకు అయ్యేది దానిమీద అదనం. ఫెడరల్ సహాయం ఎఫ్-1 విద్యార్థులకు రాదు. మీ అమ్మాయికి యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఉంటే ఆ సెమిస్టర్‌కు వర్తిస్తుందా, మీ బ్యాంకు లోన్ విడతను ఇంకో సంస్థకు చెల్లిస్తుందా అన్నవి రెండూ మెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. బ్యాంకు కాదంటే, ఇంకో అప్పు చేసి మరీ పంపాల్సినంత అవసరం దీనికి లేదన్నది నా మాట. క్యాంపస్ ఉద్యోగం జీతం కూడా ఆ నెలల్లో రాదని మర్చిపోకండి.

భద్రత గురించి మీ భయం సహజం. 2005 జనవరిలో ఉత్తర పసిఫిక్‌లో అప్పటి ఓడను సుమారు 50 అడుగుల అల కొట్టింది. బ్రిడ్జి (ఓడను నడిపే గది) అద్దం పగిలి ఇంజిన్లు ఆగాయి. ప్రాణనష్టం లేకుండా ఓడ హొనొలులు చేరింది. 2020 వసంతంలో కోవిడ్ వల్ల వాయేజ్ మధ్యలోనే ముగిసింది. అంటే దారి మారడం, కుదించడం జరిగే పనులే. రద్దయితే ఏం తిరిగిస్తారో ఒప్పందంలో చదవండి. ఓడలో డాక్టరు, క్లినిక్ ఉంటాయి, మత్తుపదార్థాలతో దొరికిన వాళ్లను తర్వాతి రేవులో దించి ఇంటికి పంపేస్తారు. నిజానికి అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది సముద్రం మీద కాదు, రేవులో దిగాక. కొత్త ఊళ్లో అర్ధరాత్రి ట్యాక్సీ, అద్దె మోటార్‌సైకిల్, ఒంటరిగా ఈత, ఈ మూడింటి మీద గట్టిగా మాట్లాడండి.

కొచ్చి సంగతి. గతంలో ఈ ప్రోగ్రాం ఓడలు చెన్నైలోనూ కొచ్చిలోనూ ఆగాయి, కానీ ప్రతి వాయేజ్‌లోనూ ఇండియా ఉండదు. ఉంటే తప్పకుండా వెళ్లండి. ఫీల్డ్ క్లాస్ ఏ రోజో అడిగి, ఆ రోజు వదిలేసి మిగతా రోజులకు ప్లాన్ వేసుకోండి. ఓడలోకి మిమ్మల్ని రానిస్తారని అనుకోవద్దు, బయటే కలుసుకోవాలి. టికెట్లు క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే కొనండి. అమ్మాయిని ఇంటిదాకా తీసుకెళ్లి తీసుకొద్దామనే ఆలోచన మాత్రం వద్దు. తిరుగు రైలు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు.