ముందు లెక్క వేసి చూపించు

బెంగళూరు, మల్లేశ్వరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. పగలంతా ల్యాబ్‌లో బ్యాక్టీరియాతో గడిపి, రాత్రి పీజీ గదికొచ్చాక తెలుగులో సైన్సు రాయాలని కూర్చున్నావంటే నాకు చెప్పలేనంత సంతోషం. మన భాషలో ఈ పని చేసేవాళ్లు తక్కువ. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

"క్రోమోజోమ్ మీద జన్యువు ఏ చోట ఉందన్నది కూడా ముఖ్యమే" అని మొదట్లోనే చెప్పేశావు. తర్వాత పేజీ అంతా ఆ మాటనే తిప్పి తిప్పి చెప్పావు. ఎందుకు ముఖ్యమో మాత్రం రాయలేదు. మీ ల్యాబ్‌లో అందరికీ నోటికొచ్చిన లెక్క కదా, ప్రత్యేకంగా రాయాలని తోచి ఉండదు. చదివేవాళ్లకు కావలసింది ఆ లెక్కే.

ఈ.కోలై అనే బ్యాక్టీరియా క్రోమోజోమ్ గుండ్రంగా మూసుకున్న డీఎన్ఏ, సుమారు 46 లక్షల బేస్ జతలు (డీఎన్ఏ నిచ్చెనకు మెట్లలాంటివి). కాపీ చేసే పని ఆరిజిన్ అనే ఒకే చోట మొదలై, రెండు వైపులా సాగి, ఎదురుగా ఉన్న టెర్మినస్ దగ్గర ముగుస్తుంది. పోషకాలు దండిగా ఉన్న మీడియంలో (బ్యాక్టీరియాను పెంచే ఆహారంలో), 37 డిగ్రీల దగ్గర, దీనికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. కణం మాత్రం 20 నిమిషాలకే రెండవుతుంది! ఇక్కడ కాసేపు ఆగు, చదివేవాళ్లనూ ఆపు. అదెలా కుదురుతుందో వాళ్లను ఆలోచించనివ్వు. ఒక కాపీ ముగియకముందే దాని మీదే ఇంకో కాపీ మొదలవుతుంది. మనవరాలికి అందాల్సిన డీఎన్ఏ తయారీ అమ్మమ్మ ఒంట్లోనే మొదలైపోతుందన్నమాట. కూపర్, హెల్మ్‌స్టెటర్ అనే ఇద్దరు 1968లోనే దీన్ని వివరించారు. దీనివల్ల టెర్మినస్ దగ్గరి జన్యువుకు ఒక్క కాపీ ఉంటే, ఆరిజిన్ పక్కనున్న జన్యువుకు సగటున నాలుగు ఉంటాయి: 40 నిమిషాల్లో 20 రెండుసార్లు పడుతుంది, కాబట్టి రెండుసార్లు రెట్టింపు. కాపీలు ఎక్కువైతే ఆ జన్యువు నుంచి తయారయ్యేదీ ఎక్కువే. ఇప్పుడు తిండి తగ్గించి, కణం రెండు గంటలకోసారి విడిపోయేలా చెయ్యి. కాపీకి పట్టే సమయం అంతే ఉందనుకున్నా, ఆ నాలుగు కాస్తా సుమారు 1.26కి పడిపోతుంది (40 నిమిషాలు 120లో మూడో వంతే, అందుకే రెట్టింపులో మూడో వంతు మెట్టు, అంటే 2కి ఘనమూలం). జన్యువు ఉన్నచోటే ఉంది, పెరిగే వేగం మారిందంతే.

కాబట్టి "ఆరిజిన్ దగ్గరుంటే జన్యువు బాగా పనిచేస్తుంది" అన్న నీ వాక్యం నిలవదు. ఏ మీడియంలో, ఎంత వేగంగా పెరుగుతున్నప్పుడు అన్నది దాని పక్కనే ఉండాలి.

కలరా బ్యాక్టీరియా మీద 2015లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రచురించిన ప్రయోగాన్ని ఒక్క లైనులో దాటేశావు. నాకు అన్యాయమనిపించింది. నీ వ్యాసానికి ప్రాణం అదే. కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోజోమ్‌లోని ప్రోటీన్లలో దాదాపు సగానికి సంబంధించిన జన్యువులు అక్కడ ఆరిజిన్ దగ్గర ఒకే గుంపుగా ఉంటాయి. ఆ గుంపును ఎత్తి దూరంగా పెట్టారు. పెరుగుదల మందగించింది. ఇంతవరకు నువ్వూ రాశావు. అయితే అది చోటు మారినందుకా, కాపీలు తగ్గినందుకా? తేల్చడానికి వాళ్లు ఆ గుంపును దూరంగానే రెండు చోట్ల పెట్టి, అంటే చోటు మార్చకుండా కాపీలు పెంచి, చూశారు. పెరుగుదల మళ్లీ పుంజుకుంది. ఆ ఒక్క అడుగు లేకపోతే మిగతాదంతా ఊహే. ప్రయోగం గురించి రాసేటప్పుడు ఫలితం కంటే ముందు వాళ్ల అనుమానాన్ని, దాన్ని తీర్చుకున్న తీరును రాయమ్మా. సైన్సులో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది అదే.

బాసిల్లస్ అనే ఇంకో బ్యాక్టీరియా సంగతి కూడా కలుపు. తిండి కరువై స్పోరుగా (గట్టి పెంకుతో నిద్రావస్థలో ఉండే కణంగా) మారాలా వద్దా అని తేలే ఏర్పాటులో ఒక జన్యువు ఆరిజిన్ వైపు, ఇంకొకటి టెర్మినస్ వైపు ఉంటాయి. కాపీ జరుగుతున్నంతసేపూ వాటి నిష్పత్తి మారుతుంది, ఆ మార్పే సంకేతమవుతుంది. వేగం గొడవ ఒక్కటే కాదని దీంతో తెలుస్తుంది. డీఎన్ఏలోని రెండు పోగుల్లో జన్యువులు ఏ పోగు మీద ఉన్నాయి, కాపీ యంత్రాంగానికి ఎదురొస్తాయా అన్నది వేరే వ్యాసం. ఇందులో ఇరికించకు.

"బ్యాక్టీరియా తెలివిగా అమర్చుకుంది" అన్నది కొట్టెయ్యి. ఎవరూ అమర్చలేదు. అలా ఉన్నవి మిగతావాటికంటే త్వరగా పెరిగి మిగిలాయి, అంతే. డిసెంబరు చలికి మీ పీజీలో పిండి పులవట్లేదన్న ప్రారంభం చదవడానికి బాగుంది కానీ, దాన్నీ తీసెయ్యి. ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే వేరే బ్యాక్టీరియా. ఈ.కోలై నిమిషాలు దానికి అంటగడితే తప్పవుతుంది.

ఇంకొక్క పని. లెక్క ఉన్న పేరాను బయాలజీ చదవని మీ రూమ్మేట్‌కు పైకి చదివి వినిపించు. ఎక్కడ "అంటే?" అని అడిగితే అక్కడ గుర్తు పెట్టుకో. టెన్షన్ పడకు, పత్రికవాళ్లకు నేను చెప్పి ఉంచుతాను. తిరగరాశాక ముందుగా కలరా పేరా ఒక్కటే పంపు.

— మీ బాబాయి