చిన్న బండికి పికప్ కావాలంటే: అల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. మీ నాన్న నీకిచ్చిన 2012 మోడల్ స్ప్లెండర్ ప్లస్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఈడుస్తోందని, వెనకాల ఇంకొకరు కూర్చుంటే అసలు లాగడం లేదని రాశావు. కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా నేరుగా తగిలించే గాలి ఫిల్టర్), ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగకి అడ్డు తక్కువుండేది), పెద్ద కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం), మూడూ ఒకేసారి వేయిద్దామని చూస్తున్నావట. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని ఒక్కో పనీ చేసుకో.

ముందు నీ ఇంజన్ ఎంతటిదో తెలుసుకో. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5. లెక్క కడితే 97.2 సీసీ. ఫుల్ పవర్ ఇచ్చేది 8000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి పీలుస్తుంది కాబట్టి ఆ స్పీడులో నిమిషానికి 4000 సార్లు గాలి పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండర్ నిండా పీల్చినా నిమిషానికి 390 లీటర్ల గాలి దాటదు. ఆ గాలికి సరిపడా పెట్రోలే కాలుతుంది, దానికి వచ్చే బలం ఏడున్నర హార్స్‌పవర్ చిల్లర. బయట ఏ ఫిల్టర్ తగిలించినా, ఏ సైలెన్సర్ బిగించినా ఇది పదిహేను కాదు. కానీ ఇన్నేళ్లు తిరిగిన నీ బండి ఇప్పుడు ఆ ఏడున్నర కూడా ఇవ్వడం లేదు. అరిగి, మూసుకుపోయి, గాలి లీకై పోయిన ఆ బలాన్ని వెనక్కి తెచ్చుకోవడమే అన్నిటికన్నా చవకైన మోడిఫికేషన్. నా మాట నమ్ము.

కార్బురేటర్ ముట్టుకునే ముందు ఒక పూట ఈ పనులు చేయించు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పు, బ్రేకు పట్టి ఆగుతోందేమో చూడు. చెయిన్ మరీ బిగువుగా ఉందా, టైర్లలో గాలి సరిగ్గా ఉందా చూడు. నాలుగో గేరులో ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. అప్పుడు కార్బురేటర్ ఎంత మార్చినా లాభం లేదు. వాల్వ్ గ్యాప్ చల్లటి ఇంజన్ మీద ఫీలర్ గేజితో సెట్ చేయించు, చెవితో చూసి చేస్తానంటే ఒప్పుకోవద్దు. కొత్త ప్లగ్ వేయించు. కంప్రెషన్ కూడా చెక్ చేయించు. పిస్టన్ రింగులు అరిగిపోయిన ఇంజన్‌కి ఇక కింద రాసేవేవీ పని చేయవు.

ఇక గాలి సంగతి. సీటు కింద పక్కన ఉన్న ఫిల్టర్ డబ్బా తీసి చూడు. నీ బండికి ఉండేది జిగురు నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్. చాలామంది దాన్ని కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ పెట్టేస్తారు. ఆ గాలికి నూనె పోతుంది, పేపర్ చిల్లులు పడుతుంది, ఆపైన దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. అది ఊదే రకం కాదు, మార్చే రకం. పాత ఫిల్టర్‌తో తిరిగే బండి ముక్కు మూసుకుని పరుగెత్తే మనిషి లాంటిది. ఒక్క ఫిల్టర్ మార్చగానే బండి తేడా చూపించిన సందర్భాలు నా షాపులో చాలా ఉన్నాయి.

కోన్ ఫిల్టర్ వద్దంటాను. కారణం చెబుతాను. ఆ ప్లాస్టిక్ డబ్బా గాలిని అడ్డుకోవడానికి పెట్టింది కాదు. ఇంజన్ గాలిని ధారగా పీల్చదు, గుక్కలు గుక్కలుగా పీలుస్తుంది. కార్బురేటర్‌కి నిలకడగా, ఇంజన్ వేడి తగలని గాలి అందించడమే డబ్బా పని. దాన్ని తీసి కోన్ తగిలిస్తే సిలిండర్ వేడికి కాగిన గాలి లోపలికి పోతుంది. వేడి గాలి పలచన, అంటే బలం తగ్గుతుంది. వాన పడితే నీళ్లు పీలుస్తుంది. మీ ఊరి మట్టి రోడ్ల మీద సన్నటి దుమ్ము బోరును గీకేస్తుంది, ఏడాది రెండేళ్లలో సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలవుతుంది. గుర్రుమనే శబ్దం విని బండి బలంగా పోతోందనుకుంటారు కానీ అది చెవికి మాత్రమే. డబ్బాకి గాలి వచ్చే మూతి దగ్గర చెత్త, సాలెగూడు, ఎండిన బురద ఉంటే తీసేయి. డబ్బాకీ కార్బురేటర్‌కీ మధ్య రబ్బరు చీలిందేమో చూడు. గాలి వైపు ఇంతకు మించి అక్కర్లేదు.

కార్బురేటర్ దగ్గర మాత్రం ఓపికగా కూర్చో. నీకు కావాల్సిన పికప్ చాలావరకు ఇక్కడే ఉంది.

విప్పే ముందు ఇంజన్ స్లోలో పెట్టి, కార్బురేటర్‌కీ ఇంజన్ హెడ్‌కీ మధ్య అతుకు చుట్టూ కొంచెం నీళ్లు చల్లు. ఇంజన్ శబ్దం మారితే అక్కడ గాలి లీకవుతోంది. ఓ-రింగ్ మార్చు, గట్టిగా ఎండిపోయిన గ్యాస్కెట్ మార్చు. ఈ లీకు ఉంచుకుని ట్యూనింగ్ చేస్తే ఎంతకీ కుదరదు. ఉదయం సరిగ్గా ఉన్న బండి మధ్యాహ్నం మళ్లీ మిస్సింగ్ కొడుతుంది.

తర్వాత పెట్రోల్ కాక్ మూసి, కింది గిన్నెలో ఉన్న పెట్రోలును అడుగు స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి వంపు. దగ్గర్లో సిగరెట్టు గానీ మంట గానీ ఉండకూడదు. ఆ సీసాను కాసేపు కదపకుండా పెట్టి వెలుతురుకి ఎత్తి చూడు. అడుగున గుండ్రంగా దొర్లే బొట్లు కనిపిస్తే అవి నీళ్లు. గోధుమ రంగు నలుసులు కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు. అది కనిపిస్తే ట్యాంకు కడిగించి, పెట్రోల్ పైపులో ఫిల్టర్ వేయించాకే ముందుకెళ్లు.

గిన్నె స్క్రూలకు సరిగ్గా సరిపోయే స్టార్ స్క్రూడ్రైవర్ వాడు. గాడిలో ఊగే డ్రైవర్‌తో తిప్పితే ఒక్క తిప్పుకే తల అరిగిపోతుంది. లోపలి జెట్లు, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు, ఇత్తడివి, మెత్తన. బిగించేటప్పుడు రెండు వేళ్ల బలం చాలు. జెట్టు మూసుకుపోతే ఇనుప తీగ, సూది, పిన్నీసు పెట్టి పొడవద్దు. కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు గానీ నైలాను దారం గానీ పెట్టి, క్లీనర్ స్ప్రే కొట్టు. ఇనుము పెడితే రంధ్రం కంటికి తెలియనంత పెద్దదవుతుంది, ఆ జెట్టు ఇక పనికిరాదు. డ్రిల్ బిట్‌తో జెట్టు పెద్దది చేసే వాళ్లున్నారు. ఆ షాపు గడప తొక్కకు.

ఏ భాగం ఎప్పుడు పని చేస్తుందో గుర్తు పెట్టుకుంటే జబ్బు ఎక్కడుందో నీకే తెలుస్తుంది. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు, కొద్దిగా తెరిచినప్పుడు పైలట్ జెట్టు, మిక్చర్ స్క్రూ చూసుకుంటాయి. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) వేలాడే సూదిదే రాజ్యం. ముప్పావు దాటాక మెయిన్ జెట్టు. నీ ఫ్లైఓవర్ కష్టం సగం నుంచి ఫుల్ దాకా తెరిచినప్పుడు వస్తోంది కాబట్టి సూదీ మెయిన్ జెట్టూ చూడాలి. సిగ్నల్ దగ్గర ఆగిపోతే మాత్రం పైలట్ వైపు చూడు.

మిక్చర్ స్క్రూ విషయంలో చాలామంది తికమక పడతారు. అది ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, విప్పితే మిశ్రమం పలచనవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, విప్పితే చిక్కనవుతుంది. బండిని ఓ నాలుగు కిలోమీటర్లు తిప్పి బాగా వేడెక్కాక, స్క్రూని మెల్లగా లోపలికి తిప్పి తగలగానే ఆపు. బిగించావో, దాని మొన బాడీలో గుంట చేస్తుంది. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు విప్పి, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ ఎక్కడ వేగంగా, నున్నగా తిరుగుతుందో విను. అదే దాని చోటు. ఆపైన ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించుకో.

ఇంకో సంగతి. నీ బండి తయారైనప్పటి పెట్రోలు వేరు, ఇప్పుడు బంకులో పోసేది వేరు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. మామూలు పెట్రోలు ఒక వంతు కాలాలంటే 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 వంతులు చాలు. కలిసిన పెట్రోలుకి 13.5 దగ్గర పడుతుంది. అంటే అదే జెట్టుతో ఇప్పుడు నీ ఇంజన్ కొంచెం పలచగా నడుస్తోంది. పలచన మిశ్రమంతో బలం తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. అందుకే పాత కార్బురేటర్ బండికి మెయిన్ జెట్టు ఒక్క సైజు పెంచడం తప్పు పని కాదంటాను. కానీ ముందు పరీక్ష చేసి చూడు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి, కొంచెం వెనక్కి తగ్గించు. తగ్గించగానే బండి ముందుకు దూకినట్టు అనిపిస్తే పలచన. అలాగే చోక్ (గాలి తగ్గించి మిశ్రమం చిక్కన చేసే మీట) కొద్దిగా వేసినప్పుడు బండి బాగా లాగితే అదీ పలచనే. చోక్ లాగగానే ఉక్కిరిబిక్కిరి అయితే జెట్టు పెంచకు.

సూదికి పైన గాట్లు ఉంటే క్లిప్పును ఒక గాటు కిందికి దించు. సూది పైకి లేచి పెట్రోలు కొంచెం ఎక్కువ వస్తుంది. ఒక్క గాటే ఉన్న సూదైతే క్లిప్పు కింద చాలా పలచటి వాషర్ ఒకటి చాలు. సూదీ జెట్టూ ఒకే రోజు మార్చకు. ఒకటి మార్చి రెండు మూడు రోజులు నడిపి, మైలేజి రాసుకుని, తర్వాత రెండోది. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల పాడైందో తెలియదు.

ఫలితం ప్లగ్ చెబుతుంది. ఫుల్ యాక్సిలరేటర్ మీద కాసేపు పోయి, క్లచ్ పట్టి అదే క్షణంలో ఇంజన్ ఆపు. కీ ఆఫ్ దాకానే తిప్పు, హ్యాండిల్ లాక్ వైపు వెళ్లనివ్వకు. పక్కకు ఆపి, వేడి తగ్గాక ప్లగ్ విప్పి మధ్యలో ఉన్న పింగాణీ చూడు. లేత గోధుమ రంగైతే బాగుంది. సున్నంలా తెల్లగా ఉంటే పలచన, జెట్టు పెంచు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే చిక్కన, తగ్గించు. తడిగా జిడ్డుగా ఉంటే అది ఆయిల్, రింగులో వాల్వ్ సీల్సో చూసుకోవాలి. ఈ పరీక్ష కొత్త ప్లగ్ మీదే చెయ్యి.

పెద్ద కార్బురేటర్ మాట మర్చిపో. 97 సీసీ ఇంజన్ పెద్ద గొట్టంలోంచి పీలిస్తే గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సరిగ్గా చిమ్మదు. కింది స్పీడులో ఇప్పుడున్న లాగుడు కూడా పోతుంది.

సైలెన్సర్ విషయంలో నువ్వు నా మీద అలిగినా సరే, ఒప్పుకోను. చిన్న ఇంజన్‌కి సన్నటి బెండ్ పైపు ఊరికే పెట్టలేదు. పొగ వేగంగా పోతేనే దాని వెనక ఏర్పడే వెలితి సిలిండర్‌ని శుభ్రంగా ఖాళీ చేస్తుంది. పైపు వెడల్పు చేస్తే వేగం తగ్గి, సిటీలో మనం నడిపే స్పీడులోనే బలం పోతుంది. లోపలి జాలీ తీసేయిస్తే మిశ్రమం పలచబడుతుంది, చెవులు గింగురుమంటాయి, పక్కింట్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఉన్న నీ స్నేహితుడికి కూడా చెప్పు: టూ స్ట్రోక్ బండికి సైలెన్సర్ ఇంజన్‌లో భాగం, దాని ఆకారమే మిశ్రమాన్ని సిలిండర్‌లోకి వెనక్కి తోస్తుంది. కోస్తే బలం చస్తుంది. అందులో పేరుకున్న మసి తీయిస్తే మాత్రం బండికి ప్రాణం లేచొస్తుంది.

చట్టం కూడా చూసుకో. మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్యానికి 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. బండి రూపు మార్చినందుకు 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000. విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించారు. డిగ్రీ చదివే పిల్లాడికి ఈ టెన్షన్ ఎందుకు?

నీ సైలెన్సర్‌కి చేయాల్సింది వేరే ఉంది. బెండ్ పైపు హెడ్‌కి కలిసే చోట నల్లటి మసి మరక ఉందా? ఉంటే గ్యాస్కెట్ లీకు, కొత్త రింగు వేయించు. విప్పినప్పుడల్లా కొత్తదే వేయాలి. నట్లు రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఫట్ ఫట్ మంటే ఈ లీకు గానీ, ఇంజన్ పక్కన ఉండే గాలి వాల్వ్ రబ్బరు పైపు ఊడడం గానీ కారణం. కింద తుప్పు చిల్లులుంటే వెల్డింగ్ పెట్టించు.

ఇవన్నీ అయ్యాక కూడా ఇద్దరితో ఎక్కేటప్పుడు ఇంకా కావాలనిపిస్తే, ఇంజన్ దగ్గర చెయిన్‌ని తిప్పే పళ్ల చక్రం, అంటే ముందు వైపు స్ప్రాకెట్, ఒక పన్ను తగ్గించు. 14 పళ్లదైతే 13 వేస్తే లాగుడు ఏడు శాతం పైగా పెరుగుతుంది. టాప్ స్పీడ్ ఆ మేరకు తగ్గుతుంది, మైలేజి కూడా కాస్త తగ్గుతుంది. అది నువ్వే ఆలోచించుకో. నేనైతే మీ కాలేజీ దారికి వేయిస్తాను.

ఫిల్టర్, ప్లగ్, ఓ-రింగ్, గ్యాస్కెట్లు, ఒక జెట్టు, స్ప్రాకెట్, మజూరీ అన్నీ కలిపినా నువ్వు చూసిన ఆ సైలెన్సర్ ధర దాటదు. పని అంతా అయ్యాక పొల్యూషన్ సెంటర్‌కి వెళ్లి చెక్ చేయించు. కాగితం మీద సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకె చూడు, నీలాంటి పాత బండికి 3.5 శాతం దాటకూడదు. దాటితే జెట్టు ఎక్కువైంది, పాతదే వేసెయ్. అందుకే తీసిన జెట్టు పారేయకుండా కాగితంలో చుట్టి సైజు రాసి దాచు.

ప్లగ్ విప్పాక పగటి వెలుతురులో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఆదివారం షాపు మూసే ఉంటుంది, తీరిగ్గా చూసి చెబుతాను. అక్కనీ బావనీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య