ల్యాప్‌టాప్‌తో ఓడ ఎక్కుతున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

సింగపూర్‌లో ఓడ ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి వస్తున్నరని, నడుమ రెండు రోజులు ఆఫీసు పని కూడా ఓడ మీది నుంచే చేయాల్సి ఉందని మీ అమ్మ చెప్పింది. ఓడలో నెట్ ఉంటదా అని అడిగినవ్. ఉంటది. కానీ మన ఇంట్లో ఫైబర్ నెట్ లాంటిదనుకోకు. నెట్ లేకున్నా నడిచేటట్టు ల్యాప్‌టాప్‌ను ఇంటికాడనే తయారు చేసుకొని పోతే, ఓడలో దొరికే నెట్ నీకు సరిపోతది. అక్కడికి పోయినంక చూసుకుందామంటే పైసలూ పోతయి, పనీ ఆగుతది.

ముందు ఓటీపీ సంగతి చెప్త. మనోళ్లు ఎక్కువ చిక్కుకునేది ఇక్కడనే. నడిసముద్రంలో నీ ఇండియా సిమ్ముకు టవర్ ఉండదు, మెసేజ్ రాదు. ఓడ వైఫై ఎంత మంచిగున్నా మెసేజ్ ఓటీపీ దాని మీద వస్తదని నమ్మకం లేదు. ఆఫీసు మెయిలుకు, వీపీఎన్‌కు (ఆఫీసు నెట్‌లోకి పోయే భద్రమైన దారి), బ్యాంకుకు ఏ దానికి ఓటీపీ వస్తదో ఇయ్యాల్నే ఒక కాగితం మీద రాసుకో. ఆఫీసువాటిని ఆథెంటికేటర్ యాప్ మీదికి మార్చు. ఆ యాప్‌కు నెట్ అవసరం లేదు. ఫోన్‌లో దాచిన రహస్య సంకేతం, గడియారం, ఈ రెండింటి లెక్కతోనే 30 సెకన్లకో కొత్త నంబర్ తయారు చేస్తది. అందుకే ఓడలో టైమ్ మారిందని ఫోన్ గడియారం ముల్లును చేతితో తిప్పకు. టైమ్ జోన్ మాత్రమే మార్చు. ముల్లు తిప్పితే ఆ లెక్క తప్పుతది, యాప్ ఇచ్చిన నంబర్ ఏదీ పనిచేయదు.

గూగుల్ ఖాతాకు, ఓటీపీ రాకున్నా లోపలికి పోనిచ్చే బ్యాకప్ కోడ్‌లు ఉంటయి, ఒక్కోటి 8 అంకెలవి, మొత్తం 10. వాటిని కాగితం మీద ప్రింట్ తీసి పాస్‌పోర్టు కవర్‌లో పెట్టు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే, ఫోన్ పోయిన్నాడు ఆ ఫొటో కూడా పోతది. ఇంకో మాట: పోయే ముందు కొత్త ఫోన్ కొనకు, వాట్సాప్ తీసేసి మళ్లీ వేయకు. మళ్లీ వేస్తే అదీ ఓటీపీ అడుగుతది.

ఆఫీసు ఐటీ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. ఓడ నెట్ ఏ దేశంలోని కేంద్రం గుండా బయటికి వస్తే, నువ్వు ఆ దేశంలో ఉన్నట్టే కనపడ్తది. పొద్దుగాల సింగపూర్, మాపటికి ఇంకో దేశం అని చూపిస్తే వాళ్ల యంత్రం నీ ఖాతాను ఎవరో దొంగిలించిన్రని తాళం వేస్తది. తేదీలు ముందే చెప్పి పెడితే ఆ తిప్పలు ఉండవు. బయటి దేశం నుంచి లాగిన్ కావడానికి మీ కంపెనీ అసలు ఒప్పుకుంటదా అన్నది కూడా అప్పుడే తేలుతది.

నెట్ ప్యాకేజీ ఇంటికాడనే కొను. చాలా కంపెనీల్లో ముందు కొంటే ఓడలో కొన్నదానికంటే తక్కువ పడ్తది. మీ కార్డుకు విదేశీ చెల్లింపుల స్విచ్ బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి ఉండాలె, ఓటీపీ రావడానికి సిమ్ చేతిలో ఉండాలె, ఈ రెండూ ఇంటికాడ సులువు. ప్యాకేజీ పేరు చూసి మోసపోకు, మూడు సంగతులు చదువు: ఎన్ని పరికరాలకు, ఎన్ని రోజులకు, వీడియో కాల్‌లు, వీపీఎన్ నడుస్తయా. వాట్సాప్, ఫేస్‌బుక్ వరకే ఇచ్చే చిన్న ప్యాకేజీ ఒకటి ఉంటది. అది ఆఫీసు పనికి పనికిరాదు. ఒక పరికరం ప్యాకేజీ అంటే ఒకేసారి ఒకటి అని అర్థం. ఫోన్‌లో లాగౌట్ అయితే ల్యాప్‌టాప్‌లో లాగిన్ కావచ్చు. నీ ఒక్కదానికి అది చాలు.

ఇప్పుడు నెట్ ఎందుకు నెమ్మదిస్తదో తెలుసుకుంటే అక్కడ బుర్ర వేడెక్కదు. పాత పద్ధతి ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటది. నువ్వు ఒక బటన్ నొక్కితే ఆ కబురు పైకి పోయి కిందికి రావాలె, జవాబు మళ్లీ పైకి పోయి కిందికి రావాలె. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, అంటే ప్రయాణానికే దాదాపు అర సెకను పోతది. అందుకే కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతరు, ఇద్దరూ ఒకేసారి ఆగుతరు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దరిదాపుల్లో తిరుగుతయి, హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రోడ్డు మీద పోయేంత దూరం. 2022 నుంచి పెద్ద కంపెనీలు తమ ఓడల మీద ఇవి పెట్టుకుంటున్నయి. మీ ఓడలో ఏది ఉందో బుక్ చేసినోళ్లను అడుగు. స్టార్‌లింక్ ఉంటే వీడియో మీటింగ్‌కు ఆశ పెట్టుకోవచ్చు. లేకుంటే మాట వరకే అనుకో.

ఉపగ్రహం ఏదైనా నెట్ అందరూ పంచుకునేదే. మేడారం జాతర నాడు గద్దెల దగ్గర ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగ కనపడ్తయి, కాల్ మాత్రం పోదు. ఓడలోనూ గట్లనే. వైఫై గుర్తు నిండుగ ఉంటది, ఎందుకంటే అది నీకూ గోడ మీది డబ్బాకూ నడుమ ఉన్న బలం మాత్రమే. ఓడకూ ఆకాశానికీ నడుమ ఎంత ఇరుకుందో ఆ గుర్తు చెప్పదు. ఓడ రేవులో ఆగనప్పుడు, మధ్యాహ్నం, రాత్రి తిన్నంక జనం అంతా ఫోన్లు పట్టుకుంటరు. తెల్లారుజాము 5 నుంచి 7 లోపల, లేదా రేవులో అందరూ ఊరు చూడపోయినప్పుడు నెట్ తేలిక అవుతది. పెద్ద ఫైళ్లు అప్పుడే పంపు. జోరు వాన పడ్డా, ఓడ తిరిగేటప్పుడు దాని పొగగొట్టం డిష్‌కు అడ్డం వచ్చినా నెట్ పోతది. అప్పుడు సెట్టింగ్‌లు కెలకకు, పది నిమిషాలు ఆగు.

ఇంటికాడ చేసే తయారీ ఇది. ఆఫీసు ఫైళ్లు వన్‌డ్రైవ్‌లో ఉంటే, వాటి పక్కన మబ్బు గుర్తు ఉన్నవి నీ ల్యాప్‌టాప్‌లో లేనట్టే, పేరు మాత్రమే ఉన్నది. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ పెట్టు, నిండు ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్కు వచ్చేదాక కదలకు. గూగుల్ డాక్స్‌కు క్రోమ్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చెయ్యి. మైక్రోసాఫ్ట్ 365 అయితే పోయే ముందు రోజు ఒకసారి తెరువు. 31 రోజులకోసారి అది నెట్ మీద తన లైసెన్స్ సరిచూసుకోవాలె, లేకుంటే రాయనియ్యదు. విండోస్ అప్‌డేట్‌లు అన్నీ పూర్తి చేసి, ఆ తర్వాత వారం పాటు ఆపి పెట్టు. ఇవన్నీ అయినంక అసలు పరీక్ష: ఒకరోజు సాయంత్రం ఇంట్లో వైఫై బంద్ పెట్టి రెండు గంటలు పని చెయ్యి. ఏది ఆగిందో రాసుకో. ఓడలో కూడా అదే ఆగేది.

ఓడలోకి పోయినంక వైఫై కలిపే తీరు: ముందు వీపీఎన్ బంద్ చెయ్యి. ఓడ వైఫై పేరు ఎంచుకో, పబ్లిక్ నెట్‌వర్క్ అని పెట్టు. లాగిన్ పేజీ దానంతట అదే రావాలె. రాకుంటే బ్రౌజర్‌లో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అని కొట్టు. మామూలు సైట్లన్నీ తాళం వేసిన సైట్లు కాబట్టి ఓడ వాళ్ల పేజీ వాటి నడుమ దూరలేదు, ఈ సైట్‌కు తాళం లేదు. అప్పటికీ రాకుంటే డీఎన్ఎస్‌లో (సైట్ పేరును నంబర్‌గా మార్చే సెట్టింగ్) నువ్వు చేతితో పెట్టిన నంబరేమన్నా ఉందేమో తీసేయి, ఫోన్‌లో అయితే ప్రైవేట్ డీఎన్ఎస్ ఆఫ్ చెయ్యి. లాగిన్ అయినంక వీపీఎన్ మళ్లీ వేసుకో.

విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి పోయి రెండు పనులు చెయ్యి. ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్. దీంతోని అప్‌డేట్‌లు, వన్‌డ్రైవ్ చాలావరకు ఆగుతయి. ఇది ఒక్కో వైఫైకి వేరే వేరే ఉంటది కాబట్టి ఇంటికాడ పెట్టింది ఓడలో పనికిరాదు, అక్కడే పెట్టాలె. రెండోది ‘ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రెసెస్’ ఆఫ్. ల్యాప్‌టాప్ వైఫైకి చూపే గుర్తింపు నంబర్ రోజూ మారేటట్టు ఉంటే నీ ల్యాప్‌టాప్ తెల్లారి కొత్త పరికరం లెక్క కనపడ్తది, ప్యాకేజీ వాడిందెవరో ఓడ వాళ్ల యంత్రానికి తెలియదు, మళ్లీ కొనమంటది. ఐఫోన్‌లో ప్రైవేట్ వైఫై అడ్రెస్ కూడా గట్లనే ఆఫ్ చెయ్యి. ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ బంద్ చెయ్యడం మర్చిపోకు, నువ్వు తీసిన ప్రతి వీడియో మీ ఆఫీసు మీటింగ్ గొంతు పిసుకుతది.

గదిలో సిగ్నల్ పోతుంటే బాల్కనీ వైపు పోకు, తలుపు దిక్కు రా. ఓడ గోడలు ఇనుపవి, వైఫై డబ్బాలు చాలా ఓడల్లో బయటి నడవాలో ఉంటయి.

ఫోన్ విషయం జర పైలం. ఓడ రేవు వదిలి దూరం పోయినంక ఓడలోనే ఉన్న చిన్న టవర్ వెలుగుతది. ఫోన్ మీద ‘సెల్యులార్ ఎట్ సీ’ అనో ‘టెలినార్ మారిటైమ్’ అనో పేరు కనపడ్తది. సింగపూర్, మలేసియా, థాయిలాండ్ అని రాసి ఉన్న రోమింగ్ ప్యాక్‌లో అది మామూలుగ ఉండదు. డేటా నడిచిందా, ఇంటికొచ్చేసరికి బిల్లు గుండె ఆపుతది. ఓడ కదలకముందే ఫ్లైట్ మోడ్ పెట్టు, ఆ తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చెయ్యి. మళ్లీ రేవుకు వచ్చినంక తీసేయి. ఆ దేశాల ఈసిమ్ (కార్డు లేకుండ ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) ఒకటి ముందే వేసుకుంటే రేవులో ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ నడుస్తది, ఓడ నెట్ కంటే అదే వేగం. బ్యాంకు పని ఏమన్నా ఉంటే ఇండియా సిమ్‌కు రోమింగ్ వేయించుకొని రేవులోనే ఓటీపీ తెప్పించుకో, దాని డేటా మాత్రం ఆఫ్‌లో ఉండాలె.

ఇగ కరెంటు. నీ చార్జర్ డబ్బా మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులని రాసి ఉందో చూడు. ఉంటే ఏ సాకెట్ అయినా పర్వాలేదు. ఓడల్లో మామూలుగ అమెరికా చదును పిన్నుల సాకెట్ 110 వోల్టులది, యూరప్ గుండ్రం రెండు పిన్నులది 220 వోల్టులది ఉంటయి. మన మూడు పిన్నుల ప్లగ్గు రెండింట్లో దేంట్లో దూరదు. చౌరస్తాలో కరెంటు సామాన్ల షాపులో ఉత్త అడాప్టర్ కొను. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారి పెరిగితే కాపాడే డబ్బా) ఉన్న పొడుగు వైరు ఎక్స్‌టెన్షన్ కొనకు, ఎక్కేటప్పుడు తీసుకుంటరు. ఊరికెనే తీసుకోరు. ఇంటికాడ రెండు వైర్లలో ఒకటి న్యూట్రల్, భూమికి కలిసి ఉంటది. ఓడలో చాలాసార్లు రెండు వైర్లలోనూ కరెంటు ఉంటది. ఆ సర్జ్ డబ్బా తీగను ఓడ ఇనుముకు కలుపుతది, తేడా వస్తే వేడెక్కి అంటుకుంటది. దానికి బదులు రెండు మూడు పోర్టులున్న 65 వాట్ల టైప్-సి చార్జర్ ఒకటి చాలు, ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ ఎక్కుతయి. చాలా ఓడల్లో వైఫై రౌటర్, సొంత డిష్ కూడా పట్టుకుంటరు, తీసుకపోకు. గది తలుపు పక్కన కార్డు పెట్టే గూడు ఉంటే, కార్డు తీయగానే కొన్ని ఓడల్లో సాకెట్‌ల కరెంటు కూడా పోతది. నువ్వు తినిరాంగ చార్జింగ్ సున్నా ఉంటే దోషం చార్జర్‌ది కాదు.

ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలె. విమానంలో పవర్ బ్యాంకును పెద్ద సంచిలో పెట్టనియ్యరు. 20,000 ఎంఏహెచ్‌ది అయితే 74 వాట్-అవర్లు, విమానంలో మామూలుగ ఒప్పుకునే 100 లోపలే కాబట్టి ఇబ్బంది లేదు. ఓడ దగ్గర పెద్ద సంచులు తీసుకొని, సాయంత్రానికి గానీ గది ముందర పెట్టరు. అప్పటిదాకా మీటింగ్ ఆగదు.

బాల్కనీలో కూసొని పని చేయబుద్ధైతది. ఏసీ గదిలో చల్లబడ్డ ల్యాప్‌టాప్ ఉక్కపోతలోకి వస్తే తేమ పడ్తది. ఉప్పుగాలి పోర్టులను తింటది. ఫొటో దిగి లోపలికి రా.

మీటింగ్‌ల టైమ్ తప్పకుండా ఉండాలంటే ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ దానంతట అదే మారకుండ ఆపి, ఇండియా టైమ్‌లోనే ఉంచు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, ఫుకెట్ గంటన్నర ముందు. ఓడ ఏ టైమ్ నడుపుతుందో రోజూ చెప్తరు, అది చేతి గడియారానికి పెట్టుకో, అన్నం టైమ్‌కు, రేవులో ఓడ కదిలే టైమ్‌కు అదే లెక్క.

దిగే ముందు రాత్రి గది బిల్లులో నెట్ కింద ఏమన్నా రెండోసారి పడిందా చూసి, పడితే దిగకముందే కౌంటర్‌లో చెప్పు. ఆ ర్యాండమ్ అడ్రెస్ ఆఫ్ చెయ్యడం మరిస్తే పడేది అక్కడనే. బల్ల వెనక సాకెట్‌లో అడాప్టర్ ఉండిపోతది, తీసుకో.

మీ పెద్దనాయిన