జైలు ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగం: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డి.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతోంది. జైలు ఆసుపత్రిలో పనిచేస్తానంటోంది. మాకు భయంగా ఉంది. ఆ ఉద్యోగానికి ఫార్మసీ టెక్నీషియన్ సర్టిఫికెట్ కోర్సు చాలని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఫార్మసీ చట్టం, 1948లోని 42వ సెక్షన్ ప్రకారం వైద్యుడు రాసిన మందులను రోగికి ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. మీ అమ్మాయి డిప్లొమా, ఆ తరువాత 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తిచేసి రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. 2022 నిబంధనల్లోని ఎగ్జిట్ పరీక్ష (డిప్లొమా తరువాత, పేరు నమోదుకు ముందు రాసేది) తన బ్యాచ్‌కు వర్తిస్తుందేమో అక్కడే కనుక్కోండి.

ఇక పని సంగతి. బయట దుకాణంలో స్ట్రిప్పు చేతికిస్తే సరిపోతుంది. జైల్లో నిద్రమాత్రలు, మానసిక వ్యాధుల మందులు పూటకొక మోతాదు చొప్పున ఎదుటే మింగించి, నోరు తెరిపించి చూడవలసి ఉంటుంది. నాలుక కింద దాచిన మాత్ర బ్యారక్‌లో చేతులు మారవచ్చు, లేదా నిరాశలో ఉన్న మనిషి వాటిని కూడబెట్టి ఒకేసారి మింగవచ్చు. అల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్.డి.పి.ఎస్. చట్టం, 1985 పరిధిలోకి వస్తాయి కనుక రిజిస్టరులో ఒక్క మాత్ర లెక్క తప్పినా సంజాయిషీ ఇవ్వాలి. తెలంగాణలో ఇంకో సమస్య ఉంది. అల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు జైలుకు వచ్చిన కొద్ది రోజుల్లోనే, అది దొరకక వణుకుతారు, నిద్ర పట్టక అల్లాడతారు, ఒక్కోసారి మూర్ఛలు వస్తాయి. మందులిచ్చే కిటికీ దగ్గర ఆ వణుకును ముందుగా గమనించి వైద్యుడికి చెప్పిన ఫార్మసిస్టు ఒక ప్రాణం కాపాడినట్లే. క్షయ మందులు కనీసం ఆరు నెలలు వాడవలసిన వ్యక్తిని వేరే జైలుకు మార్చినా, బెయిలుపై వదిలినా, మందులూ చికిత్స కాగితాలూ అతని వెంట వెళ్లేలా చూడాలి. జ్వరమొస్తే స్వయంగా వెళ్లి మాత్ర కొనుక్కోలేని మనిషికి ఆ కిటికీయే దిక్కు.

మీ భయం సహజమే. కానీ ఖైదీలు సిబ్బంది వెంటే ఆసుపత్రికి వస్తారు. నా దృష్టిలో దాడి కంటే బతిమాలింపే కష్టమైన పరీక్ష. “అక్కా, ఇంకో గోలీ ఇయ్యి, నిద్ర పడ్తలేదు” అన్నప్పుడు విసుక్కోకుండా కాదనగలగాలి, ఆ బాధను వైద్యుడి దాకా తీసుకువెళ్లాలి. చంచల్‌గూడ, రాజమహేంద్రవరం, కడపలలో మహిళల ప్రత్యేక కారాగారాలు కూడా ఉన్నాయి. శిక్షణ గంటలు మానసిక వైద్య విభాగమున్న ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికేలా ప్రయత్నించండి. ప్రకటన వెలువడినప్పుడు పోస్టు శాశ్వతమా, ఒప్పంద పద్ధతా, రాత్రి డ్యూటీలు ఉన్నాయా అన్నవి చూసుకుని దరఖాస్తు చేయించండి.