పిల్లుల్ని సంచిలో వేసి ఊరవతల వదిలేస్తే సమస్య తీరదండి

వీధిలో పిల్లులు ఎక్కువైపోయాయి, గోనెసంచిలో వేసి నెల్లిమర్ల అవతల వదిలేయమని పక్కింటివాళ్లు అంటున్నారు, అలా చేయొచ్చా అని అడిగారు. వద్దండి. మాదీ విజయనగరమే, అయ్యకోనేరు వైపు. మా వీధిలో ఒకాయన సరిగ్గా ఇదే పని చేశారు, కొన్నాళ్లకే పక్క వీధి పిల్లులు వచ్చి చేరాయి. ఎలకలు, చెత్తకుండీ, చేపల తుక్కు ఇక్కడే ఉన్నాయిగా, అవెందుకు రావు!

చేయాల్సింది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలుతో ఉండొచ్చు, రెండు నెలల్లో పిల్లల్ని పెట్టేస్తుంది, అవి పాలు తాగుతుండగానే మళ్లీ చూలు కట్టొచ్చు. డబ్బులు తక్కువుంటే ముందు ఆడవాటికే చేయించండి. మగవాటికి కూడా చేయిస్తే ఆ అర్ధరాత్రి కొట్లాటలు, గోడల మీద ఉచ్చ కంపు బాగా తగ్గుతాయి. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడైనా ఊళ్లో డాక్టరు దగ్గరైనా పిల్లులకి చేస్తారా, ఏ రోజు రమ్మంటారు, ఎన్ని గంటల నుంచి తిండి ఆపాలి అన్నీ ముందే కనుక్కోండి.

పట్టుకోవడమే అసలు తలనొప్పి. మా వీధిలో పిల్లులకి అన్నం పెట్టే ఒక మామ్మగారు ఉన్నారు, అందరూ ఆవిడ మీదే పడేవారు, "మీరు పెట్టబట్టే చేరుతున్నాయి" అని. కానీ ఆ పిల్లులు భయపడకుండా వచ్చేది ఆవిడ దగ్గరికి మాత్రమే! ఆవిడతో మాట్లాడి, ఎక్కడ పడితే అక్కడ కాకుండా రోజూ ఒకే టైముకి ఒకే చోట పెట్టమని, మిగిలింది తీసేయమని అడిగాం. వెల్డింగ్ షాపులో తలుపు పడే బోను చేయించి, తలుపు ఎత్తి కట్టేసి, కొన్నాళ్లు అందులోనే తిండి పెట్టించాం. అలవాటు పడ్డాక తాడు విప్పి ఎండు నెత్తళ్లు వేస్తే చాలు. పడగానే బోను మీద పాత దుప్పటి కప్పండి, చీకటైతే గింజుకోవడం తగ్గుతుంది. చేత్తో మాత్రం పట్టకండి, కరిచినా రక్కినా పావుగంట సబ్బుతో కడిగి అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లాల్సిందే.

మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస కొంచెం కత్తిరించమనండి, ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలుస్తుంది. మత్తు పూర్తిగా దిగేదాకా బోనులోనే ఉంచాలి. నొప్పి కదా అని పారాసిటమాల్ వేశారంటే చచ్చిపోతుంది, డాక్టరు ఇచ్చిన మందే వాడండి.

పాలిచ్చే తల్లి పడితే పిల్లలు ఎక్కడున్నాయో చూడకుండా తీసుకెళ్లొద్దు, అవి తిండి తినడం మొదలెట్టేదాకా ఆగండి. అటక మీద పిల్లలు ఒంటరిగా కనిపించినా వెంటనే కింద పెట్టేయకండి, పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఒకదాన్ని మోసుకెళ్లి ఇంకోదాని కోసం వస్తూ ఉండొచ్చు.

విషం పెడతానని ఎవరైనా అంటే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చని చెప్పండి. మా వీధిలో ఆ మాట ఎత్తాక మళ్లీ ఎవరూ విషం ఊసెత్తలేదు.