పండితుల్ని విమర్శించడానికి నేనెంతదాన్ని?

ప్రశ్న: పీజీ చదువుతున్నాను. మా సెమినార్‌లో వారానికో వ్యాసం చదివి దానిమీద రెండు పేజీల విమర్శనాత్మక స్పందన రాసివ్వాలి. నేనేం రాసినా మేడమ్ మార్జిన్‌లో "ఇది సారాంశం, మీ స్పందన ఏది?" అని రాసి తిప్పి పంపుతున్నారు. అవతల రాసినవాళ్లేమో పేరుమోసిన పండితులు. వాళ్లలో తప్పులు పట్టడానికి నేనెంతదాన్ని? రాయాల్సిన రోజు దగ్గరపడుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తప్పులు పట్టమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదండీ, ముందు ఆ బరువు దించేయండి. సారాంశం కూడా నేరమేం కాదు, కాకపోతే నాలుగైదు వాక్యాల్లో అయిపోవాలి. మేడమ్ ఆ వ్యాసం ఎన్నోసార్లు చదివుంటారు, మిగతా విద్యార్థులూ చదివే వస్తారు (వస్తారనే అనుకుందాం). అది చదువుతుంటే మీకు ఎక్కడ సందేహం వచ్చింది, ఎందుకొచ్చింది అన్నదొక్కటే వాళ్లకు తెలియదు. ఆ రెండు పేజీలూ దానికోసమే.

సందేహమే రాలేదంటారా? అయితే ఒకటి అడిగి చూడండి: ఈ వాదన నిజం కావాలంటే, రచయిత పైకి చెప్పకుండా దేన్ని నిజమనుకుని ఉండాలి?

ఉదాహరణకు, గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త 1968లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. అసలు విషయం జనాభా, కానీ అందరికీ గుర్తుండిపోయింది అందులోని పచ్చిక బయలు. అది ఊరందరిదీ. ఇంకో పశువును తోలితే లాభమంతా ఆ కాపరికే, గడ్డి తరిగిపోయే నష్టం మాత్రం అందరిదీ, కాబట్టి ప్రతివాడూ ఇంకోటి, ఇంకోటి అంటూ తోలుతూనే ఉంటాడు, చివరికి బయలంతా నాశనమవుతుంది. చదువుతుంటే కాదనడానికి ఏమీ దొరకదు, "రచయిత చక్కగా వివరించారు" అని రాసి ఊరుకోవాలనిపిస్తుంది. ఇప్పుడు పై ప్రశ్న వేయండి. ఇదంతా జరగాలంటే ఆ కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు, నియమాలేవీ పెట్టుకోకూడదు, ఎవరు ఎన్ని పశువుల్ని తోలుతున్నారో లెక్క చూసుకోకూడదు. మనుషులు అన్నిచోట్లా అలాగే ఉంటారా?

ఉండరని ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త 1990లో తెచ్చిన పుస్తకంలో ఎన్నో ఊళ్ల వివరాలతో చూపించారు. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే ఊళ్లో 1517 నాటికే ఒక కట్టుబాటు ఉంది: చలికాలమంతా ఎన్ని ఆవుల్ని మేపి బతికించుకోగలరో, వేసవిలో కొండమీది పచ్చికకు అన్నిటినే తోలాలి. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. హార్డిన్ కూడా 1998లో అదే పత్రికలో రాస్తూ, ఉమ్మడి వనరులన్న మాటకు ముందు 'అజమాయిషీ లేని' అన్న విశేషణం చేర్చకపోవడం తన పెద్ద పొరపాటని ఒప్పుకున్నారు.

ఇక్కడ నాకు బాగా నచ్చేది ఏంటంటే, ఆస్ట్రమ్ హార్డిన్‌ని పూర్తిగా కొట్టిపారేయలేదు. కట్టుబాట్లు లేనిచోట ఆయన చెప్పినట్టే జరగొచ్చు. వాదన ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడినుంచి చెల్లదో గీత గీసి చూపించడం కూడా విమర్శే, మంచి విమర్శల్లో చాలావాటిలో జరిగేది అదే. మీరు అన్ని ఊళ్ల వివరాలు సేకరించనక్కర్లేదు, రెండు పేజీలకు ఆ ప్రశ్నా, అది ఎందుకు వచ్చిందో చెప్పే ఒక్క ఉదాహరణా చాలు.

రాసేటప్పుడు వ్యాసం మొత్తాన్ని మీదేసుకోకండి. ఒక పేరా పట్టుకోండి, పేజీ నంబరు వేయండి, రచయిత చదివితే "అవును, నేనన్నది ఇదే" అనేలా ఆ వాదనను ముందు మీ మాటల్లో చెప్పండి, ఆ తర్వాతే మీ ప్రశ్న. "నాకు నచ్చలేదు" అన్నది స్పందన కాదు. "రచయిత ఫలానా విషయం ప్రస్తావించలేదు" అన్నది ఇంకా బద్ధకపు మాట, ఏ వ్యాసం గురించైనా అనొచ్చు కదా! ఆ వదిలేసిన విషయాన్ని చేరిస్తే వాదన మారిపోతుందని చూపించగలిగితేనే రాయండి. రచయితతో పూర్తిగా ఏకీభవిస్తే ఆ సంగతే రాయొచ్చు, కాకపోతే ఆయన తీసుకోని ఇంకో ఉదాహరణకు ఆ వాదనను పెట్టి అక్కడ నిలుస్తుందో లేదో చూడాలి.

ప్రశ్న: మాకూ ఇలాంటి సెమినారే ఉంది. నాకు వ్యాసంలో సగం అర్థమే కాదు. ఆ మాట రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు, కానీ "కష్టంగా ఉంది" అని కాదు. ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో అది యథాతథంగా ఎత్తి రాయండి, దానికి రెండు రకాల అర్థాలు తోస్తే రెండూ చెప్పి, మీరు ఎటు మొగ్గుతున్నారో, ఎందుకో ఒక పేరా రాయండి. చాలాసార్లు ఆ వాక్యం పక్కవాళ్లకూ అర్థమై ఉండదు, బయటికి చెప్పరంతే. ఆరోజు చర్చ దాంతోనే మొదలైనా ఆశ్చర్యం లేదు.