మన ఊరి పేపర్ మిల్లు షేరు కొనొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కడియం దగ్గర పల్లెటూరండి, రిటైరైన టీచర్ని. చిన్నప్పట్నుంచీ రాజమండ్రి పేపర్ మిల్లు చూస్తూ పెరిగాం కాబట్టి ఆంధ్రా పేపర్ షేర్లు కొందామని ఎప్పట్నుంచో ఉంది. 2023లో మా అల్లుడు పీఈ 4 దగ్గర ఉంది, ఇంత చవగ్గా ఇంకే మంచి కంపెనీ దొరకదు అని కొన్నాడు, ఇప్పుడు ఆ మాటెత్తితే బాధపడుతున్నాడు. నేను 4 లక్షలు పెట్టొచ్చా? (ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: మాస్టారూ, ముందు మీ అల్లుడిగారు ఎక్కడ పొరబడ్డారో చూద్దాం, మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. పీఈ అంటే కంపెనీ మొత్తానికి మార్కెట్ కట్టిన విలువ దాని ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె. ఆంధ్రా పేపర్‌కి 2022-23లో లాభం దాదాపు 520 కోట్లు వచ్చింది. కరోనా తగ్గి స్కూళ్ళు తెరిచారు, పుస్తకాలకి డిమాండ్ ఒక్కసారిగా వచ్చింది, ప్రపంచమంతా పేపర్ తయారీకి వాడే కర్ర గుజ్జు ధర పెరిగింది, ఓడ కిరాయిలు మండిపోతుండటంతో బయటి దేశాల పేపర్ పెద్దగా రాలేదు, ఇవన్నీ కలిసొచ్చి వచ్చిన లాభం అది. మరుసటి ఏడాది దాదాపు 340 కోట్లు, 2024-25లో 90 కోట్ల దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు లెక్క చూడండి, 520 కోట్ల లాభం మీద పీఈ 4 అంటే కంపెనీ మొత్తానికి మార్కెట్ కట్టిన విలువ 2080 కోట్లు, షేరు ధర ఒక్క రూపాయి కూడా కదలకుండా అక్కడే ఉన్నా 90 కోట్ల లాభం మీద అదే పీఈ 23 అవుతుంది. అంటే ఆయన కొన్నది చవక షేరు కాదు, లాభం శిఖరం మీద ఉన్న షేరు.

కాపు విరగకాసిన ఏడాది ఆదాయం చూసి మామిడితోటకి ధర కడితే ఎలా ఉంటుంది? తర్వాత రెండేళ్ళు పూత రాలిపోతే ఆ లెక్క నిలబడదు కదా. పేపర్ కంపెనీ కూడా అంతే, కాబట్టి పీఈ మరీ తక్కువ కనిపిస్తే సంతోషం కంటే ముందు అనుమానం రావాలి. నేను కూడా చాలా ఏళ్ళ క్రితం ఒక పేపర్ కంపెనీ షేరు ఇలాగే పీఈ చూసి కొన్నాను, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్ళు పట్టింది, అందుకే ఈ విషయం ఇంత గట్టిగా చెప్తున్నా.

లాభం ఎందుకు పడిపోయిందంటే రెండు వైపుల నుంచీ ఒకేసారి దెబ్బ తగిలింది. ఒకటి దిగుమతులు. ఇండోనేషియా లాంటి ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాల నుంచి వచ్చే పేపర్‌కి ఒప్పందం ప్రకారం సుంకం లేదు, చైనా నుంచి కూడా బాగా వస్తోంది, 2023-24లో దేశంలోకి దిగిన పేపర్, బోర్డు (అట్ట) 19 లక్షల టన్నులు దాటింది, అంతకు ముందు ఏడాది కంటే 34 శాతం ఎక్కువ. అదొచ్చి పడుతుంటే మన మిల్లులు ధర పెంచలేవు. రెండోది కర్ర. కరోనా టైంలో సరుగుడు, సుబాబుల్, జామాయిల్ మొక్కలు వేసిన వాళ్ళు తగ్గారు, ఆ తోటలు కోతకి రావాల్సిన టైంకి కర్ర దొరక్క రేటు ఎక్కేసింది. అమ్మే ధర దిగి కొనే ధర ఎక్కితే మధ్యలో మిగిలేది ఏముంటుంది చెప్పండి.

ఇక మీ 4 లక్షల సంగతి. మిల్లు మీద అభిమానం ఉండటం మంచిదే కానీ పెన్షన్ కాక మీ దగ్గరున్న మొత్తం పొదుపు ఇదే అయితే మాత్రం ఇందులో పెట్టొద్దండి, ఇది నా ఖచ్చితమైన మాట. వేరే పొదుపు ఉండి, దీన్ని ఐదారేళ్ళు ముట్టుకోకుండా ఉండగలిగితే అందులో ఒక చిన్న భాగం, అదీ ఒకేసారి కాకుండా ఏడాదిన్నరలో నాలుగైదు విడతలుగా ఆలోచించండి. కొనే ముందు ఒక్క ఏడాది లాభం కాకుండా పదేళ్ళ లాభాలు కాగితం మీద వరసగా రాసుకుని సగటు తీయండి, ఆ సగటు మీద పీఈ కట్టండి. తర్వాత అప్పు చూడండి, కొత్త మెషిన్ కోసం భారీగా అప్పు చేసిన ఏడాదే పేపర్ ధర పడిపోతే ఎంత మంచి మిల్లయినా ఊపిరాడదు. సొంతంగా గుజ్జు చేసుకుంటుందా, బయట కొంటుందా అన్నది కూడా ముఖ్యం. సొంత గుజ్జు ఉన్న మిల్లులో కర్ర ఉడికించాక మిగిలే నల్లటి ద్రవాన్ని, బ్లాక్ లిక్కర్ అంటారు, బాయిలర్‌లో కాల్చి ఆవిరీ కరెంటూ తీస్తారు, వాడిన కెమికల్స్ కూడా వెనక్కొస్తాయి, చెడ్డ రోజుల్లో నిలబెట్టేది అదే.

ఇంకో మాట, ఈ మిల్లుని 2011లో అమెరికాకి చెందిన ఇంటర్నేషనల్ పేపర్ కొంది, 2019లో వాళ్ళ దగ్గర్నుంచి కర్ణాటక దాండేలిలో మిల్లున్న వెస్ట్ కోస్ట్ పేపర్ కొంది. సగానికి పైగా వాటా ఇప్పుడు వాళ్ళదే. కాబట్టి ఆంధ్రా పేపర్ కొంత, వెస్ట్ కోస్ట్ కొంత కొని రెండు వేర్వేరు కంపెనీల్లో పెట్టాననుకోకండి.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర, ఆరెకరాల సుబాబుల్ ఉంది. కర్ర రేటు పెరిగితే మాకు లాభం, మిల్లుకి నష్టం అంటున్నారు. మరి రేటు పడిపోయినప్పుడు మాకు పోయింది షేర్లలో వస్తుంది కదా, ఆ లెక్కన నేను పేపర్ షేర్లు కొని పెట్టుకుంటే మంచిదేనా? (ఒక రైతు, ప్రకాశం జిల్లా)

జవాబు: ఈ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించానండి, ఇంత మంచి ప్రశ్న అరుదుగా వస్తుంది. లెక్కలో మీ ఆలోచన సరిగ్గానే ఉంది, కానీ అన్నిసార్లూ అలా జరగదు. విదేశీ పేపర్ వచ్చి పడి మిల్లు అమ్మకం తగ్గితే మిల్లు ఏం చేస్తుంది, కర్ర కొనడం తగ్గిస్తుంది లేదా రేటు తగ్గిస్తుంది. అప్పుడు మీ కర్రకీ రేటు ఉండదు, షేరూ పడుతుంది, రెండూ ఒకేసారి పోతాయి. షేరు మిమ్మల్ని ఆదుకునేది ఒక్క సందర్భంలోనే, అందరూ సుబాబుల్ వేసేసి కర్ర ఎక్కువైపోయి రేటు పడినప్పుడు. మూడు నాలుగేళ్ళకి కోతకొచ్చే పంట కదా, రేటు బాగుందని ఇవాళ అందరూ వేస్తే నాలుగేళ్ళ తర్వాత అందరి లోడూ ఒకేసారి మిల్లు గేటు ముందుకి వస్తుంది, రేటు పడిందని పీకేసి వేరే పంటకి పోతే మళ్ళీ కొన్నేళ్ళకి కర్ర కరువు. షేరు మార్కెట్లో వాళ్ళకి ఈ చక్రం ఆలస్యంగా తెలుస్తుంది, మీకు ముందే తెలుస్తుంది. చుట్టుపక్కల నర్సరీల్లో మొక్కలు ఎలా పోతున్నాయో చూస్తే మూడేళ్ళ తర్వాత మిల్లు ఖర్చు ఎటు పోతుందో మీకు అర్థమైపోతుంది. కొనాలనుకుంటే కర్ర అమ్మిన డబ్బులో కొద్దిగా పెట్టండి, పంట పెట్టుబడికి తెచ్చిన అప్పుతో మాత్రం వద్దు, మీ ఆదాయం అంతా ఇప్పటికే పేపర్ మిల్లు మీదే ఆధారపడి ఉంది.

ప్రశ్న: సిర్పూర్ పేపర్ మిల్లు మళ్ళీ నడుస్తోంది కదా, ఆ షేరు ఎందుకు కనపడట్లేదు? భద్రాచలం మిల్లు షేరు కూడా ఎక్కడా లేదు. (ఒక పాఠకురాలు, కాగజ్‌నగర్)

జవాబు: నిజాం కాలంలో 1938లో పెట్టిన మీ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, దివాలా కేసులో కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ద్వారా 2018లో జేకే పేపర్ చేతికి వెళ్ళింది. ఇప్పుడది జేకే పేపర్ నడిపే మిల్లుల్లో ఒకటి, మిగతావి ఒడిశా రాయగడలో, గుజరాత్ సోన్‌గఢ్‌లో ఉన్నాయి. సిర్పూర్ కావాలంటే జేకే పేపర్ షేరే కొనాలి. సారపాకలో ఉన్న భద్రాచలం మిల్లు 2002లోనే ఐటీసీలో కలిసిపోయింది, ఐటీసీ షేరు కొంటే మీరు కొనేది ముఖ్యంగా సిగరెట్ల వ్యాపారం, పేపర్ అందులో చిన్న ముక్క. ఆ ముక్కని వాళ్ళు పెంచుతున్నారు, 2025 మార్చిలో ఉత్తరాఖండ్ లాల్‌కువాలో ఉన్న సెంచురీ పేపర్ మిల్లుని దాదాపు 3500 కోట్లకి కొంటున్నట్టు ప్రకటించారు.

మూతపడిన మిల్లు మళ్ళీ తెరుస్తారట అన్న పుకారు మీద రెండు రూపాయల షేర్లు కొనేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం ఇది గట్టిగా చెప్పాలి. దివాలా చట్టంలో డబ్బు పంచే వరసలో బ్యాంకులు, కార్మికులు ముందుంటారు, మామూలు షేర్‌హోల్డర్లు చిట్టచివర. మిల్లు తెరుచుకోవడం వేరు, పాత షేరు బతకడం వేరు. మిల్లు తెరుచుకుంటే ఊరికి పండగే, కానీ పాత షేర్లని సున్నా చేసి కొత్త యజమానికి కంపెనీ అప్పగించడం ఇలాంటి కేసుల్లో మామూలే.

ప్రశ్న: అందరూ ఫోన్లలోనే చదువుతున్నారు, పేపర్‌కి భవిష్యత్తు ఉందంటారా? (ఒక ఐటీ ఉద్యోగి, డల్లాస్)

జవాబు: న్యూస్‌ప్రింట్‌కి, అంటే వార్తాపత్రికలు అచ్చేసే కాగితానికి, మీ భయం నిజమే. కానీ మీరు ఆన్‌లైన్లో ఏది ఆర్డర్ పెట్టినా అట్టపెట్టెలోనే వస్తుంది, మందుల డబ్బా, సబ్బు డబ్బా, స్వీట్ బాక్స్ అన్నీ బోర్డే. మన దేశంలో మనిషికి ఏడాదికి పేపర్ వాడకం 15, 16 కిలోల దగ్గరే ఉంది, ప్రపంచ సగటు 50 కిలోల పైనే. వాడకం పెరుగుతుంది, అందులో నాకు సందేహం లేదు, ఆ పెరిగేది మన మిల్లు అమ్ముతుందా, ఇండోనేషియా మిల్లు అమ్ముతుందా అన్నదే ప్రశ్న. 2025 ఆగస్టులో కేంద్రం ఒక రకం పేపర్‌బోర్డుకి టన్నుకి 67,220 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టింది, అదీ గడువుతోనే. ఇలాంటి ఆర్డర్ వార్త రాగానే షేరు ఎగురుతుంది, ఆ రోజు కొనకండి, ఆ కంపెనీ అసలు ఆ రకం బోర్డు చేస్తుందో లేదో ముందు చూడండి.

ప్రశ్న: నాన్నగారు పోయాక ట్రంకుపెట్టెలో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అని రాసున్న పాత షేర్ సర్టిఫికెట్లు దొరికాయి. వీటికి ఇప్పుడు విలువ ఉంటుందా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: ఉంటుందమ్మా, పారేయకండి. ఆ కంపెనీయే తర్వాత ఇంటర్నేషనల్ పేపర్ ఏపీపీఎం అయ్యి, ఇప్పుడు ఆంధ్రా పేపర్ అయింది. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు అమ్మడానికి కుదరదు, కానీ వారసుల పేరు మీదకి మార్పించుకుని డీమ్యాట్ చేసుకోవచ్చు, అంటే ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్చుకోవచ్చు. వరసగా ఏడేళ్ళు డివిడెండ్ ఎవరూ తీసుకోకపోతే ఆ షేర్లు ఐఈపీఎఫ్ అనే కేంద్రప్రభుత్వ ఇన్వెస్టర్ల రక్షణ నిధికి వెళ్ళిపోతాయి, మీవి కూడా వెళ్ళి ఉండొచ్చు, అలా వెళ్ళినా పోయినట్టు కాదు, ఐఈపీఎఫ్-5 ఫారం పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ముందు సర్టిఫికెట్ల మీద ఫోలియో నంబర్ చూసుకుని ఫొటోలు తీసి పెట్టుకోండి, కంపెనీ వెబ్‌సైట్లో షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ ఎవరో ఉంటుంది, వాళ్ళకి ఆ నంబర్ రాసి షేర్లు ఎక్కడున్నాయో అడగండి. డెత్ సర్టిఫికెట్, మీ పాన్, ఆధార్ సిద్ధం చేసుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అమ్మగారు ఉంటే వాళ్ళందరి సంతకాలూ కావాల్సి వస్తుంది కాబట్టి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఎవరైనా ఫోన్ చేసి మీ షేర్లు విడిపిస్తాం, సగం మాకివ్వండి అంటే ఒప్పుకోకండి, ఐఈపీఎఫ్-5 ఫారానికి ఫీజు కూడా లేదు.